చెవిటి మందు

ఆటో సందు మలుపు తిరిగేదాకా ఎదురుచూశాను. హైమ అడగలేదు.

"గ్యాస్ కట్టేశారా?" అనలేదు. తాళం లాగి చూశారా అనలేదు. ఆటో ఆపించి నన్ను వెనక్కి పరిగెత్తించలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఇలాంటి ప్రయాణం మాకు ఇదే మొదలు. నేను హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవాల్సింది. కూర్చోలేకపోయాను. ఇంట్లో ఏదో వదిలేసి వచ్చినట్టు జేబులు తడుముకుంటూనే ఉన్నాను. చివరికి నేనే అడిగాను, గ్యాస్ కట్టావా అని.

"ఏమో. కట్టే ఉంటాను లెండి," అంది హైమ, తలకి చుట్టుకున్న పల్చటి గుడ్డ సర్దుకుంటూ.

మా ఎనిమిదేళ్ళ పాప లిఖిత మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. అది తల్లి మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూసింది.

బీచ్ నిండా ఆదివారం జనం. హైమ మరమరాల మురీ మిక్స్చర్ పొట్లం కొనుక్కుని ఇసుకలో నిలబడి తింటోంది. నేను చెప్పులో దూరిన ఇసుక దులుపుకుని తలెత్తేసరికి లిఖిత మోకాలి లోతు నీళ్ళలో ఉంది. రెప్ప వేసేలోపు నడుము లోతుకి వెళ్ళిపోయింది. విశాఖ సముద్రం సంగతి తెలిసినవాళ్ళెవరూ పిల్లల్ని అలా వదలరు. ఇక్కడ అల వెనక్కి పోతూ పోతూ కాళ్ళ కింది ఇసుకని కూడా లాక్కుపోతుంది. పరిగెత్తి, దాని జబ్బ పట్టుకుని ఒడ్డుకి ఈడ్చుకొచ్చాను.

హైమ అక్కడే నిలబడి ఉంది. అంతా చూసింది.

"చూస్తూ నిలబడ్డావేంటి?"

"వస్తుందనుకున్నాను. అల వెనక్కి పోయాక అదే వచ్చేది."

"రాకపోతే?"

ఆమె నిజంగానే కాసేపు ఆలోచించింది. "రాకపోతే మీరున్నారుగా," అంది. అని, పొట్లం నా ముందుకి చాపింది.

నేను పొట్లం ముట్టుకోకుండా లిఖిత తడి బట్టలు పిండాను.

నా పెళ్ళాం భయస్తురాలు. దాచుకోవాల్సిందేం లేదు, వీధి వీధంతటికీ తెలుసు. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచరు. పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్తే బస్సెక్కేముందు ఒకసారి, ఎక్కాక ఒకసారి, బస్సు కదిలాక మళ్ళీ ఒకసారి తలలు లెక్కపెట్టే మనిషి. లిఖిత తుమ్మితే, మా అమ్మ మెట్లు దిగితే, ఆకాశంలో మబ్బు కాస్త నల్లబడితే, వచ్చి నా ఎదురుగా నిలబడి, "ఏవండీ, ఏం కాదు కదా?" అనేది. నేను పేపర్లోంచి తలెత్తకుండా "ఏం కాదు" అనేవాణ్ణి. మనింటికి కుక్క అక్కర్లేదు, హైమ ఉందిగా అని వేళాకోళం చేసేవాణ్ణి. నవ్వి, వెళ్ళి తలుపు గడియ ఇంకోసారి చూసుకునేది.

ఆ భయమే ఆమెని ఒకసారి కాపాడింది. చిన్నప్పుడు మరిగే గంజి నెత్తిన పడి, నడినెత్తిన అరచేతి మేర మచ్చ మిగిలిపోయింది. జుట్టు కింద ముప్పై ఏళ్ళుగా పడి ఉన్న మచ్చ. పోయిన ఏడాది దాని మీద చిన్న పుండు లేచింది. దువ్వెన గీసుకుందేమోనని నేను అన్నాను. హైమ వినలేదు. భయపడి, ఏడ్చి, నన్ను విసిగించి ఆస్పత్రికి లాక్కెళ్ళింది. ముక్క తీసి పరీక్ష చేస్తే చర్మ కాన్సర్ అని తేలింది. పాత కాలిన మచ్చల్లో అరుదుగా పుడుతుందట. ఇంకొన్నాళ్ళు ఊరుకుని ఉంటే పుర్రెలోకి దిగేదని సర్జన్ డాక్టర్ ఫరీదా చెప్పారు.

ఆపరేషన్ చేసి గడ్డంతా తీసేశారు. ఎముక మీద ఉండే పల్చటి పొరని కూడా తీసేయాల్సి వచ్చింది. నడినెత్తిన చిన్న గారె అంత మేర తెల్లటి ఎముక బయటపడింది. తొడ చర్మం తెచ్చి అతికిస్తే పట్టు దొరక్క ఊడిపోయింది. ఇక చుట్టూ ఉన్న చర్మమే పాకుతూ వచ్చి మూసుకోవాలి. అది పాకడం లేదు. పుండు అంచులు అలిగి కూర్చున్నట్టు ఉన్నచోటే ఉండిపోయాయి. ఎముక ఎండిపోతే చీము పడుతుందని ఫరీదా బెంగ. అద్దంలో కట్టు చూసుకున్నప్పుడల్లా హైమకి చెమటలు. ఆమె ఎంత భయపడితే పుండు అంత మొండికేసింది.

అది మాటవరసకి అంటున్నది కాదు. నేను పనిచేసే ల్యాబులో మేము పరిశోధిస్తున్నదే అది.

మా సుధారాణి మేడమ్ ఆ ల్యాబుకి పెద్ద. కొత్తగా ఎవరు వచ్చినా రెండు గాజు పళ్ళేలు చూపించేవారు. రెంటిలోనూ మనిషి చర్మం కణాలు పరుపులా పెరిగి ఉంటాయి. సూదితో వాటి మధ్య గీత గీస్తారు. కాసేపటికి రెండు అంచులూ ఒకదాని వైపు ఒకటి పాకడం మొదలుపెడతాయి. అప్పుడు ఒక చుక్క వేస్తారు. మనం భయపడ్డప్పుడు ఒంట్లో నెత్తుటిలోకి దిగే రసం అది. గుండె దడకీ, అరచేతుల చెమటకీ కారణం అదే. ఆ చుక్క పడగానే కణాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. ఊళ్ళో కర్ఫ్యూ పెట్టినప్పుడు మేస్త్రీలు గోడ సగంలో వదిలేసి ఇంటికి పోయినట్టు. రెండో పళ్ళెంలో ముందుగా మా మందు కలిపి ఉంచుతాం. దాంట్లో ఎన్ని చుక్కలు వేసినా కణాలు వినిపించుకోవు. తమ మానాన తాము గోడ కట్టుకుంటూ పోతాయి. అందుకే ల్యాబులో అందరం దాన్ని చెవిటి మందు అని పిలిచేవాళ్ళం.

మందు పరీక్షకి ఫరీదా కొందరు రోగుల్ని ఎంచినప్పుడు హైమ పేరు కూడా వచ్చింది. ఆమె ఫలితాలు నేను ముట్టుకోకూడదని సుధారాణి మేడమ్ షరతు పెట్టారు. ఒప్పుకున్నాను. బియ్యపుగింజంత మందు తీసి, పుండు అంచున మాత్రమే రాయాలి. అంతే రాస్తే నెత్తుటిలోకి దిగదు, చర్మం మీదే ఉండిపోతుంది. హైమకి తన నడినెత్తి తనకి కనిపించదు కనక రాసే పని మా అమ్మ తీసుకుంది.

తర్వాత జరిగింది చూసి ల్యాబంతా గంతులేసింది. మిగతావాళ్ళ పుళ్ళు నెమ్మదిగా, బుద్ధిగా తగ్గుతున్నాయి. హైమది మాత్రం వారం వారం కళ్ళెదుటే మూసుకుపోతోంది. తెల్లటి ఎముక మీదికి నాలుగువైపులనుంచీ లేత గులాబీరంగు చర్మం దిగింది. గారె అంత పుండు రూపాయి బిళ్ళంత అయింది. "ఈ ఫొటోలే ముందు చూపిద్దాం," అన్నారు సుధారాణి మేడమ్. నేను కాలర్ ఎగరేసుకుని ఇంటికి వచ్చేవాణ్ణి. హైమ కూడా కంటి నిండా నిద్రపోతోంది. పాటలు పాడుకుంటోంది. పుండు మానుతుంటే మనిషికి ధైర్యం రాదా అనుకున్నాను.

బీచ్ నుంచి వచ్చాక అలా అనుకోలేకపోయాను. ఆస్పత్రికి ఫోన్ చేసి మిగతా రోగుల సంగతి కనుక్కున్నాను. ఎవరికీ ఏ తేడా లేదు. వాళ్ళు ఎప్పటిలాగే భయపడుతున్నారు, ఎప్పటిలాగే ఫరీదాని ప్రశ్నలతో చంపుతున్నారు. మరి హైమ ఒక్కదానికే ఏమైంది? గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరిగాను. మందు ఎలా రాస్తున్నావని అమ్మని అడిగాను. "సుబ్బరంగా రాస్తన్నానురా," అంది.

మర్నాడు ఉదయం ల్యాబుకి బయల్దేరి, గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చాను. పెరటి వరండాలో హైమ పీట మీద కూర్చుని ఉంది. కట్టు విప్పి ఉంది. వెనక మా అమ్మ సూరమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నిలబడింది. ట్యూబు సగం పిండి అరచేతిలో వేసుకుంది. రెండు చేతులూ రుద్దుకుని హైమ తలంతా పట్టించింది. చెవుల వెనక, మెడ మీద, కణతల మీద వేళ్ళతో ఇంకేలా రుద్ది, పుండుకి ఎడంగా తలంతా అరచేత్తో చిన్నగా తట్టడం మొదలుపెట్టింది. ఆ తట్టుడు నాకు తెలుసు. నా నెత్తి మీద, నా చెల్లెళ్ళ నెత్తి మీద, పుట్టిన వారానికే లిఖిత నెత్తి మీద ఆ చెయ్యి అలాగే పడింది. మా అమ్మ చేతికి తల దొరికితే నూనె ఇంకకుండా వదలదు.

"అమ్మా, ఏం చేస్తున్నావు?"

"మందు రాస్తన్నాను. ఏటలా సూస్తావు?"

"బియ్యపుగింజంతే రాయమన్నారు కదా. పుండు అంచునే రాయమన్నారు కదా."

"గోరంత మందు మాడుకి ఏటి సరిపోద్దిరా? తలంతా ఎండిపోయి ఉంటే పుండెలాగ మానుద్ది? నాను ఇలాగ అంటబట్టే కదా మానింది. ఆ నర్సమ్మ మంచిది, అడిగితే ఇంకో టూబు ఇస్తాది."

నేను గొడుగు కింద పడేసి మెట్టు మీద కూలబడ్డాను. రోజూ ట్యూబు పైన ట్యూబు. అరచేతి వేడితో, గంటసేపు, చెవుల వెనక పల్చటి చర్మంలోంచి. అది ఒంటి నిండా దిగి ఉంటుంది. హైమ పుండు ఒక్కటే కాదు, మనిషంతా చెవిటిదైపోయింది. రాశారా అని మేము ప్రతివారం అడిగాం, ఎంత రాశారో ట్యూబు నొక్కి చూసినవాడు లేడు.

"అత్తయ్య చెయ్యి పడితే హాయిగా ఉంటుందండీ," అంది హైమ, కళ్ళు మూసుకునే. "ఆ బిళ్ళ దగ్గర కొంచెం మెల్లగా అత్తయ్యా."

"ఏ బిళ్ళ?"

"చెవి వెనకాల. చిన్నది. కొన్నాళ్ళయింది లెండి."

లేచి వెళ్ళి వేలు పెట్టి చూశాను. కుడిచెవి వెనక, కందిగింజ కంటే పెద్దది, గట్టిగా తగిలింది. నా వేలు వెనక్కి వచ్చేసింది.

"అమ్మా, నీకు తెలుసా ఇది?"

"తెలకేం. రోజూ సేతికి తగుల్తంది." అమ్మ గొంతు తగ్గింది. "పుండున్నప్పుడు బిళ్ళ కడతాది కదా అనుకున్నాను. ఈ పిల్లకి సెప్పాను కూడాను. ఏటీ కాదు అత్తయ్యా అన్నాది. దానికే బయం లేనప్పుడు మనకెందుకని ఊరుకున్నాన్రా."

మా ఇంట్లో అందరమూ అంతే. గ్యాస్ వాసన దగ్గర్నుంచి పాప జ్వరం దాకా, హైమ భయపడితేనే అది పట్టించుకోవాల్సిన సంగతి. అందరి బదులూ ఆమే భయపడేది. నెల మొదట్లో ఆస్పత్రికి వెళ్ళాల్సిన కాన్సర్ పరీక్షకి కూడా ఆమె వెళ్ళలేదని అప్పుడే తెలిసింది. ఎందుకు వెళ్ళలేదంటే, "తొందరేముంది?" అంది. ఆమె మొహం ఎంతో ప్రశాంతంగా, అందంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ల్యాబుకి వెళ్ళి సుధారాణికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పెన్ను బల్ల మీద తిప్పుతూ విన్నారు.

"అంటే పైడిరాజుగారూ, ఎక్కువ రాస్తే ఇంత బాగా పనిచేస్తుందన్నమాట."

"మేడమ్, నా కూతురు మునిగిపోతుంటే దాని తల్లి మురీ మిక్స్చర్ తింటూ చూసింది."

ఆవిడ పెన్ను ఆగింది. తర్వాత ఫోన్ తీసి, రోగులందరి దగ్గరా ఉన్న ట్యూబులు వెనక్కి తెప్పించమని చెప్పారు. మా అయిదేళ్ళ పని ఆ ఒక్క ఫోనుతో పక్కకి జరిగింది. నాకు బాధ వేయాల్సింది, కానీ నా మనసంతా ఆ బిళ్ళ మీదే ఉంది.

డాక్టర్ ఫరీదా హైమ చెవి వెనక తడిమి చూశారు, సూదితో నీరు తీసి పరీక్షకి పంపారు. జబ్బు అక్కడికి పాకిందని తేలింది. మెడ పక్కన కోసి బిళ్ళలన్నీ తీసెయ్యాలన్నారు. మొహం నరం పక్కనుంచే కత్తి వెళ్ళాలి, నోరు కాస్త వంకరపోయే ప్రమాదమూ ఉంది. ఇవన్నీ ఆవిడ హైమకి ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, ఏదీ దాచకుండా చెప్పారు.

"సరే," అంది హైమ.

"ఆపరేషన్ వద్దనుకుంటే మందులతో కొన్నాళ్ళు చూడొచ్చు. కానీ నేనైతే ఆ దారి వద్దనే చెప్తాను."

"సరే, అలాగే చూద్దాం."

"ఏదీ చెయ్యకపోతే ప్రాణానికి ప్రమాదం అమ్మా."

"అలాగా," అంది హైమ. గోడ మీది గడియారం చూసి, "లిఖిత స్కూలు వదిలే టైమైందండీ," అంది నాతో.

ఫరీదా నన్ను బయటికి పిలిచారు. "ఆవిడ దేనికైనా సరే అంటోంది. ఇలాంటి సరే పట్టుకుని నేను కత్తి పట్టలేను. మందు ఆపండి. ఒంట్లోంచి దిగిపోనివ్వండి. అప్పుడు అడుగుతాను. మరీ ఆలస్యం కాకూడదు."

"నెత్తి మీద పుండు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆపితే ఆగిపోతుందేమో."

"ఆగితే ఆగుతుంది. దాంతో ఎలాగో ఒకలా పోరాడొచ్చు."

అంత తేలిక కాలేదు. అమ్మ ఆ రోజే ట్యూబులన్నీ మూట కట్టి నా చేతికిచ్చింది. ఇచ్చి, చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుని, "నా సెయ్యే దాన్ని సెడగొట్టింది," అంది. నేను కాదన్నాను. కానీ ఒక ట్యూబు హైమ అలమారులో దాచుకుంది. చిన్న అద్దం వెనక, పెద్ద అద్దం ముందు పెట్టుకుని తనే రాసుకుంటుంటే చూశాను. లాక్కోబోయాను.

ఆమె కోప్పడలేదు. కోపం కూడా ఆ మందులో కరిగిపోయిందేమో. మామూలుగా మాట్లాడింది. "మీరందరూ నవ్వేవాళ్ళు. మీకు తెలీదు, అది ఎలా ఉంటుందో. పొద్దున్న లేవగానే కడుపులో రాయి. స్కూలుకి వెళ్ళినా రాయి, మీరు నవ్వించినా రాయి. ఇప్పుడు లేదు. ఎన్నాళ్ళుంటానో తెలీదంటున్నారు కదా, ఉన్నన్నాళ్ళూ ఇలాగే ఉండనివ్వండి. ఏం తప్పు?"

ఆ రాయి గురించి ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా నేను పేపర్లోంచి తలెత్తేవాణ్ణి కాదు. మా ఇద్దరి మధ్యా ట్యూబు మంచం మీద పడి ఉంది. బలవంతంగా తీసుకోవచ్చు. తీసుకుంటే, ఆమె సరే అంటుంది. ఆ సరే నాకు అక్కర్లేదు.

గుమ్మంలో లిఖిత నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో.

"అమ్మా, నీకు మళ్ళీ ఆపరేషన్ చేస్తారా?"

"చేస్తారట. ఏం కాదులే," అంది హైమ.

లిఖిత ఏడవలేదు. కాలి బొటనవేలితో గచ్చు గీకుతూ మాట్లాడింది. "ఇదివరకు నాకు భయమేస్తే నీ దగ్గరికొచ్చేదాన్ని. నువ్వు కూడా భయపడేదానివి. ఇద్దరం పడుకుని భయపడేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే భయపడుతున్నానమ్మా."

హైమ చాలాసేపు దాన్ని చూసింది. లెక్కల టీచరు కదా, ఎక్కడో లెక్క తేడా వచ్చిందని గుర్తుపట్టినట్టు చూసింది. ఆ చూపులో భయం లేదు, కన్నీళ్ళూ లేవు. ఉన్నదల్లా ఏదో వెతుక్కోవడం. తర్వాత మంచం మీది ట్యూబు తీసి, మూత బిగించి, నాకిచ్చింది.

"తీసుకెళ్ళండి. మళ్ళీ అడిగినా ఇవ్వకండి."

ఆ తర్వాతి రోజులు నేను నేనుగా లేను. భయం ఆమెకి తిరిగి వస్తుందో రాదో తెలీదు, వచ్చేదాకా ఇంట్లో ఎవరో ఒకరు పడాలి కనక నేను పడ్డాను. గ్యాస్ రెండుసార్లు చూశాను. తాళం లాగి చూశాను, మలుపు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి లాగి చూశాను. లిఖిత సైకిలు తొక్కుతుంటే పక్కన పరిగెత్తాను. "ఏటిరా, కాలుగాలిన పిల్లిలాగ తిరుగుతావు?" అంది అమ్మ. కడుపులో రాయి అంటే ఏంటో నాకు తెలిసొచ్చింది. ఇంత బరువు మోస్తూ ఈ మనిషి పదో తరగతి పిల్లలకి త్రికోణమితి చెప్పింది, నాకు రోజూ క్యారేజీ కట్టింది.

హైమ మాత్రం అలాగే ఉంది. అడిగినదానికి జవాబు చెప్పేది, పాట పాడుకునేది. నెత్తి మీది పుండు రూపాయి బిళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఫరీదా రెండుసార్లు పిలిచి అడిగారు. రెండుసార్లూ అదే సరే. ఇంకా ఆగితే జబ్బు ఆగదని చెప్పి, ఆపరేషన్‌కి రోజు పెట్టేశారు. "ఆ ఉదయం చివరిసారి అడుగుతాను," అన్నారు.

ఆ ఉదయం ఆస్పత్రి పచ్చ గౌనులో ఆమెని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. నేను పక్కన నడుస్తున్నాను. థియేటర్ తలుపు దగ్గర ఫరీదా టోపీ పెట్టుకుని నిలబడి ఉన్నారు. మంచం ఆగింది. ఫరీదా వంగి, "హైమగారూ, ఏం చేయబోతున్నామో గుర్తుందా?" అన్నారు.

హైమ చెయ్యి దుప్పటి కిందనుంచి వచ్చి నా మణికట్టు వెతుక్కుంది. అరచెయ్యి తడిగా ఉంది, చెమట.

"ఏవండీ, గ్యాస్ కట్టేశారా?"

"కట్టాను."

"చూశారా?"

"చూశాను. రెండుసార్లు చూశాను."

ఆమె పెదాలు అదురుతున్నాయి. కళ్ళు ఆ తలుపు మీద, ఫరీదా చేతుల మీద, నా మొహం మీద తిరుగుతున్నాయి.

"ఏం కాదు కదా?"

ఇన్నేళ్ళుగా చూడకుండానే చెప్పిన జవాబు నా నాలుక చివరే ఉంది. చెప్పలేదు. వంగి ఆమె కళ్ళలోకి చూశాను.

"తెలీదు హైమా. నాకూ భయంగానే ఉంది."

ఆమె వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి, గోళ్ళు దిగేలా. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకుని ఫరీదా వైపు తల తిప్పింది.

"అయితే సరే," అంది.

ఫరీదా నా వైపు చూసి తలుపు తీశారు.